పొలి దారిలో ఏడో చోటు

ఫిబ్రవరి 22, ఆదివారం

ఈ రోజు నేనొక కాగితం రాసి ఇచ్చాను. అందులో పన్నెండు చోట్లు ఉన్నాయి. పోయేముందు అవ్వ నాకు చెప్పినవి పదమూడు. ఈ మాట ఇంట్లో చెప్పలేను. బడిలో చెప్పుకునేంత దగ్గరివాళ్ళు లేరు. చర్చిలో అసలే చెప్పలేను. ఎక్కడో ఒకచోట ఉన్నదున్నట్టు రాసి పెట్టుకోకపోతే, నాలుగు రోజులు పోయాక పన్నెండే అని నేను కూడా నమ్మేస్తాను. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. బి.ఇడి. రికార్డు పుస్తకంలో మిగిలిన పేజీలు దీనికి చాలు.

మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చి అన్నానికి కూర్చోబోతుంటే పరమేశ్వర్ సేటు వచ్చాడు. ఊళ్ళో ఎరువుల దుకాణం ఆయనదే. బొడ్రాయి పండుగ కమిటీకి పెద్ద కూడా ఆయనే. ఊరి నడుమ ఉన్న రాయి ఒక పక్కకు కుంగింది. నలభై ఒక్క ఏళ్ళ తర్వాత కొత్త రాయి నిలబెడుతున్నారు. మార్చి ఆరు నుంచి మూడు రోజుల పండుగ. చివరి రోజు పొలి చల్లాలి. అంటే బలి రక్తం, పసుపు కలిపిన జొన్నలు చల్లుకుంటూ ఊరి పొలిమేర అంతా తిరిగి రావాలి, కొన్ని చోట్ల ఆగి రాయి పెట్టాలి. అప్పుడే వానలు సరిగ్గా పడతాయని, రోగాలు లోపలికి రావని నమ్మకం. కిందటిసారి ఆ పొలి చల్లింది మా తాత.

“స్వామిదాసన్నా, పొలి చల్లేటాయనను పరిగి దిక్కు నుంచి పిలిపిస్తున్నం. ఆయనకు పనంతా వచ్చు, మన ఊరి దారే రాదు. మీ నాయిన యాడ యాడ ఆగిండో నీకు ఎరుకేనా?”

బాపు చేతులు కడుక్కుంటూ ఆయన వైపు చూడలేదు. “నాకేం ఎరుక సేటు. నేనప్పుడు చిన్నోన్ని. నాయిన సంగతులు నాయినతోనే పోయినయి.”

“మీ నాయిన ఎంట నడిచిన జంగయ్య ఉన్నడు గని, పొద్దున చెప్పింది మాపటికి మరుస్తడాయె.”

“మేము ప్రార్థన చేసుకునేటోళ్ళం. మమ్ముల ఇందులకు గుంజకున్రి.”

అప్పుడు నేను నోరు తెరిచాను. “అవ్వ చెప్తుంటే నేను రాసుకున్న సేటూ.”

వంటింట్లో అమ్మ గరిటె కింద పెట్టిన చప్పుడు వినబడింది.

సేటు ముఖం విప్పారింది. “చూసినవా అన్నా! సదువుకున్న పిల్ల ఇంట్ల ఉంటే గిట్ల అక్కెరకొస్తది. జర మంచిగ పటం గీసియ్యి బిడ్డా. బళ్ళె పిల్లలకు గీపిస్తవు గద.”

ఆయన వెళ్ళాక బాపు చాలాసేపు అన్నం కలుపుతూ ఉండిపోయాడు. “దారి చెప్పుడు వేరు, నడుసుడు వేరు. చెప్పు, గంతే” అన్నాడు చివరికి.

మూడు గంటలు కూర్చుని గీశాను. పోచమ్మ వేపచెట్టు, మోటబావి, చాకలి బండ, ఈదుల కుంట, పాత సున్నపు బట్టీ, వాగు ఒడ్డు. ఆరు. తర్వాత అవ్వ మాట నా చేతిరాతలోనే ఉంది: “వాగు దాటినంక మనోళ్ళు పండుకున్న కాడ ఏడోది.” మా బొందలగడ్డ. తాత అప్పటికే బాప్తిస్మం తీసుకున్నాడు. మన సమాధుల మీద రక్తం కలిపిన గింజలు చల్లనన్నాడట. అక్కడికని పొడి జొన్నలు వేరే మూట కట్టుకుని పోయాడట. “ఆడున్నోళ్ళు యేసయ్య మనుషులు, గని ఊరి మనుషులు గూడ” అంటే, ఊరి పెద్దలు అట్లనే కానియ్యమన్నారట.

నేను ఏడోది రాయలేదు, దాని తర్వాతి ఆరూ రాశాను. ఎర్ర గీతను వాగు ఒడ్డు దగ్గరే ఊరి వైపు తిప్పేశాను. ఎందుకో రేపు రాస్తాను.

ఫిబ్రవరి 23, సోమవారం

మొయినాబాద్‌లో బడికి బస్సులో పోవడం, రావడం, రెండూ నిలబడే. రేపు రాస్తాను.

ఫిబ్రవరి 25, బుధవారం

ఎందుకంటే బాపు కోసం.

పొలి చల్లాడని తాతను ఏడాది పాటు చర్చిలో రొట్టె పంచే ప్రభువు బల్లకు దూరం పెట్టారు. ఆఖరి వరుసలో కూర్చునేవాడట. రొట్టె పళ్ళెం ముందు వరుసల నుంచి వచ్చి ఆయనను దాటి పోయేదట. బాపుకు అప్పుడు పదేళ్ళు, ఆయన పక్కనే కూర్చునేవాడు. ఇది బాపు ఎన్నడూ చెప్పలేదు, అవ్వ చెప్పింది. ఇప్పుడు ఆ పళ్ళెం పట్టుకుని వరుసల మధ్య నడిచే సంఘ పెద్ద మా బాపు. నెలలో మొదటి ఆదివారం వస్తే శనివారమే తెల్ల అంగి ఇస్త్రీ చేయించుకుంటాడు.

డప్పులతో జనం మన సమాధుల దగ్గరికి వస్తే, ఆ దారి ఎవరు చెప్పారని మా పాస్టరు రత్నాకర్ అయ్యగారు అడుగుతారు. స్వామిదాసు బిడ్డ అంటారు. తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు.

పైగా చనిపోయినవాళ్ళకు కూడా ఇదే మర్యాద. పైగా పన్నెండు మంచి సంఖ్య. పన్నెండు గోత్రాలు, పన్నెండుగురు శిష్యులు. నేను అబద్ధం రాయలేదు, ఒకటి తక్కువ రాశాను.

మార్చి 1, ఆదివారం

ఆరాధన చివర అయ్యగారు ప్రకటన చేశారు. “వచ్చే ఆదివారం ఊరు కట్టు. నేను చేవెళ్ళ నుంచి లోపలికి రాలేను, మీరు బయటికి పోలేరు. ఎవరింట్లో వాళ్ళు ప్రార్థన చేసుకోండి. దారిలో నిలబడి చూడకండి.”

బయట చెప్పులు వేసుకుంటుంటే నా దగ్గర ఆగారు. “పటం చాలా బాగా గీశావట కదా కృపాజ్యోతీ.”

అంతే అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వు గురించి ఇంటికి వచ్చేదాకా ఆలోచించాను. ఇంకా ఆలోచిస్తున్నాను.

మార్చి 7, శనివారం

ఊరి ఆడబిడ్డలంతా వచ్చారు. మా వాడలో తప్ప ప్రతి గుమ్మానికీ వేపాకు ఉంది. అమ్మ చిన్న కొమ్మ ఒకటి తెచ్చి పెరట్లో గాబు మీద పెట్టింది, నీళ్ళలో పురుగు పడకుండా అని. బాపు దాన్ని పక్కకు జరిపి నీళ్ళు ముంచుకున్నాడు, మళ్ళీ అక్కడే పెట్టాడు.

మార్చి 8, ఆదివారం

తెల్లారేసరికి చేవెళ్ళ రోడ్డుకు అడ్డంగా వేపాకుల తాడు కట్టారు. బస్సు తాడు దాకా వచ్చి వెనక్కి మలిగిపోయింది. సాయంత్రం దాకా లోపలివాళ్ళు లోపల, బయటివాళ్ళు బయట.

బాపు తలుపు మూసి కీర్తన వల్లించడం మొదలుపెట్టాడు. బాపుకు చదువు రాదు, తొంభై ఒకటో కీర్తన నోటికి వచ్చు. డప్పు దగ్గరికి వస్తున్నకొద్దీ ఆయన మాటల మధ్య సందు పెరిగింది. నేను తడి దుప్పటి ఆరేసే నెపంతో మిద్దె ఎక్కాను. ఊరికి మాదే చివరి ఇల్లు. మిద్దె మీది నుంచి వాగు ఒడ్డు, దానికి అవతల మా సిలువలు కనబడతాయి.

ముందు పరిగి ఆయన, నెత్తి మీద గంప. “పొలీ, పొలీ” అని కేక. వెనక నాలుగు వందల మంది ఉంటారు. పైన డ్రోన్ తిరుగుతోంది. వాగు అవతల భూములు తీసుకున్న వెంచర్ వాళ్ళు పండుగకు ఉచితంగా వీడియో తీసిస్తామన్నారట. పిల్లలు దానికి చేతులు ఊపుతున్నారు.

వాగు ఒడ్డున సున్నం పూసిన రాయి పెట్టారు. అందరూ మలుగుతుంటే జంగయ్య మాత్రం ఆగాడు. కిందటిసారి మా తాత వెంట నడిచినవాళ్ళలో ఇంకా ఉన్నది ఆయన ఒక్కడే. కట్టె ఎత్తి అవతలికి చూపించాడు.

“సేటూ, గటు గూడ పోవాలె గద!”

“యాడికి తాతా?”

“బొందలగడ్డకు.”

సేటు ఫోన్‌లో నా పటం చూశాడు. “బిడ్డ రాసిన దాంట్ల లేదు. గీత ఈడ్నే మలిగింది.”

“నాకు యాదికున్నదిరా.”

“పొద్దుగాల ఏం తిన్నవో యాదికున్నదా తాతా?” అన్నారు వెనక ఎవరో. అందరూ నవ్వారు. జంగయ్య కూడా నవ్వాడు, నవ్వుతూనే అవతలికి చూశాడు.

“రాసినదానికి మించి ఏమున్నది? నడువున్రి” అన్నాడు సేటు.

నేను అరిస్తే వినబడేంత దూరం. చేతిలో దుప్పటి నీళ్ళు కారుతూనే ఉంది. నేను అరవలేదు.

మార్చి 9, సోమవారం

ఏమీ కాలేదు. ఊరికే భయపడ్డాను.

మార్చి 12, గురువారం

ఏమీ కాలేదు. నా పటానికి ప్లాస్టిక్ పొర వేయించి పంచాయతీ గోడకు తగిలించారు. కింద నా పేరు రాశారు. అమ్మ పోయి చూసి వచ్చింది. చదువు రాదు కానీ పేరు ఉన్నచోటు అడిగి వేలు పెట్టి చూసిందట.

మార్చి 19, గురువారం, ఉగాది

సేటు ఇంటి నుంచి పచ్చడి తెచ్చింది జంగయ్య. అమ్మ గిన్నె అందుకుని, బాపు రాకముందే తాగేసింది. “వేపపువ్వు ఏ దేవుడు పూయిస్తే ఏందే” అంది నాతో.

జంగయ్య వెంటనే పోలేదు. గడపలో కూర్చున్నాడు.

“బిడ్డా, బొందలగడ్డకు ఎందుకు పోలె మనం? మీ తాత పొడి జొన్నలు పట్టుకపోయిండు. నేను చూసిన.”

“నువ్వు మరిచిపోయినవు తాతా. అవ్వ అట్ల చెప్పలె” అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూసి, తర్వాత నేలవైపు చూశాడు. “అట్లనా. అయితే గంతే కావచ్చు. నా తలకాయ మంచిగ లేదు ఈ నడుమ.”

ఇంతవరకు తక్కువ రాశాను అనుకున్నాను. ఈ రోజు అబద్ధం చెప్పాను. పండుగ పూట, ఎనభై ఏళ్ళ మనిషికి తన తలకాయ మీద తనకే నమ్మకం లేకుండా చేశాను.

మార్చి 24, మంగళవారం

బస్సు కిటికీలోంచి చూస్తే వాగు అవతల జేసీబీ కనబడింది. అది వేరేవాళ్ళ చేనులో అయి ఉంటుంది.

మార్చి 26, గురువారం

వేరేవాళ్ళ చేనే అయి ఉంటుంది.

మార్చి 29, మట్టల ఆదివారం

పిల్లలు ఈత మట్టలు పట్టుకుని వాడంతా తిరిగారు. మధ్యాహ్నం బాపు పార తీశాడు. ఈస్టర్ తెల్లవారుజామున అందరం సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెడతాం. ఏటా అంతకు ముందు వారం బాపు గడ్డి చెక్కి, అవ్వ సమాధికి సున్నం వేస్తాడు. రేపు పోతానన్నాడు. నేను కూడా వస్తానన్నాను, తర్వాత బడి ఉందన్నాను.

మార్చి 30, సోమవారం

నేను వచ్చేసరికి బాపు మంచం మీద కూర్చుని ఉన్నాడు. సున్నం బకెట్టు ఎట్లా తీసుకుపోయాడో అట్లాగే ఉంది. పారకు మట్టి అంటలేదు.

“బొందలగడ్డ సుట్టు రాతి కడీలు పాతిండ్రు, తీగ గుంజిండ్రు. గేటు పెట్టిండ్రు. తాళమేసిండ్రు.”

“ఎవరు బాపూ?”

“వెంచరోళ్ళు. ఆ మేనేజర్ పిల్లగాడు నన్ను కుర్చీల కూసోబెట్టి నీళ్ళిచ్చిండు. అంకుల్, మీ సెంటిమెంట్‌కు మేము అడ్డం రాము, మీ ఊరోళ్ళు రాళ్ళు పెట్టి చూపిన హద్దుల ఒక్క అడుగు పెట్టలె అన్నడు. వీడియో సూపించిండు. ఊరంతా వాగుకాడ మలిగింది. ఈ జాగ ఎవరిదని రెండేండ్ల సంది అడుగుతున్నం, ఒక్క కాగితం ఎవరూ చూపలే అన్నడు. వచ్చే నెల ఇరవై తారీఖు సంది సాపు చేస్తరంట. గాలోపు కాగితం చూపిస్తే ఆపుతరంట.”

కాగితం లేదు. అక్కడ ఎవరికీ ఎన్నడూ కాగితం ఇవ్వలేదు. చనిపోతే తీసుకుపోయేవాళ్ళం, అంతే.

“మీ అవ్వను గేటు సందుల నుంచి చూసొచ్చిన” అన్నాడు బాపు.

ఏప్రిల్ 2, గురువారం

బాపు చేవెళ్ళ పోయి తహసీల్దారు ఆఫీసులో కనుక్కుని వచ్చాడు. ఊరంతా ఒక్క మాట మీద అది ఊరి బొందలగడ్డ అని రాసి సంతకాలు పెట్టిస్తే, వచ్చి కొలిచి కాగితం రాస్తామన్నారట. అక్కడి నుంచి నేరుగా సేటు దుకాణానికి పోయాడు. నేను బస్సు దిగి వస్తుంటే మాటలు వినబడ్డాయి.

“నేనెట్ల రాసియ్యాలె స్వామిదాసన్నా? మీ బిడ్డ గీసిన పటమే పంచాయతీ గోడకు ఉన్నది. దాంట్ల లేని జాగ ఊరిదని నేను సంతకం పెడితే, మరి పండుగ నాడు ఎందుకు పోలేదని అడుగరా? పొలి సగమే చల్లినమా? అదేమన్న చిన్న మాటనా? మొన్న రాళ్ళవాన పడి టమాట పోయిందని ఆల్రెడీ గుసగుస పెడుతున్నరు.”

“నా బిడ్డ తప్పు రాయదు సేటు” అన్నాడు బాపు.

దుకాణం ముందు నుంచి తల వంచుకుని వచ్చేశాను.

ఏప్రిల్ 3, గుడ్ ఫ్రైడే

మూడు గంటల ఆరాధన. సిలువ మీది ఏడు మాటలు ఏడుగురు చెప్పారు. నాలుగోది బాపు చెప్పాడు. నేను చెప్పవలసింది ఒక్కటే, చెప్పలేదు.

ఏప్రిల్ 4, శనివారం

చెప్పలేదు.

ఏప్రిల్ 5, ఈస్టర్

ఐదు గంటలకు అందరం పాట పాడుకుంటూ వాగు దాటాం. గేటుకు తాళం. అయ్యగారు బయటే నిలబడి ప్రార్థన చేశారు. కడీల వెంబడి వరుసగా కొవ్వొత్తులు పెట్టాం. గాలికి ఆరిపోతుంటే మళ్ళీ మళ్ళీ వెలిగించాం. ఎవరి సమాధి ఎటుందో చూసుకుని దానికి ఎదురుగా నిలబడ్డారు. మా అవ్వది లోపల మూడో వరుస. అమ్మ బంతిపూల దండను కడీ సందులోంచి విసిరింది. అది సగం దూరం కూడా పోలేదు.

అందరూ చర్చి వైపు మలిగారు. బాపు కదలలేదు. నేను కూడా.

“బాపూ, పదమూడు” అన్నాను. “అవ్వ చెప్పింది పదమూడు. ఏడోది ఇదే. నేనే రాయలె.”

తిడతాడనుకున్నాను. ఆయన కడీ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

“నాకు ఎరుకే.”

“ఏంది ఎరుక?”

“పదమూడని. జొన్నల మూట మీ తాత కాడ లేకుండె. నా అంగి జేబుల ఉండె. ఈడికొచ్చినంక ఆయన చెయ్యి చాపిండు. ఆ చేతికి రక్తం ఉండె. తుడుసుకున్నంక గింజలు నేనే పోసిన.”

“మరి సేటు అడిగితే తెల్వదంటివి?”

“నువ్వెందుకు రాయలె?”

“నిన్ను మళ్ళ ఎనుక వరుసకు పంపుతరని.”

“నేను గూడ గందుకే చెప్పలె.” ఆరిన కొవ్వొత్తి ఒకటి మళ్ళీ వెలిగించాడు. “పటంల లేదని నాకు ఆ దినమే ఎరుక బిడ్డా. డప్పు వాగుకాడ మలిగితే వినపడలేదా నాకు? మంచిగైంది అనుకున్న. గంత మంచిగైందని మొక్కుకున్న గూడ.”

ఇద్దరం ఒక్కటే భయంతో, ఒక్కటే ఇంట్లో, నెలన్నర ఒకరికి తెలియకుండా ఒకరం ఉన్నాం.

“జంగయ్య తాతకు నీ తలకాయ మంచిగ లేదని చెప్పిన బాపూ.”

“గది మాత్రం పోయి సక్కగ చేసి రా. ఇయ్యాల్నే.”

చర్చిలో రొట్టె పళ్ళెం ఎత్తవలసిన సమయానికి బాపు ముందుకు పోలేదు. ఎవరూ చెప్పకముందే పోయి ఆఖరి వరుసలో కూర్చున్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల అంగి. అందరూ తిరిగి చూశారు. అమ్మ లేచి పోయి ఆయనకు ఒక పక్కన కూర్చుంది. రెండో పక్కన నేను కూర్చున్నాను. పళ్ళెం మా దగ్గరికి వచ్చింది. బాపు చేతులు కట్టుకునే ఉన్నాడు.

అయిపోయాక అయ్యగారితో అంతా ఆయనే చెప్పాడు, పొలి దారి మళ్ళీ నడవమని ఊరిని అడుగుతామని కూడా. అయ్యగారు బైబిలు మూశారు. “ఇది నా ఒక్కడి మాట కాదు స్వామిదాసు గారూ, పైవాళ్ళను అడగాలి” అన్నారు. “అడుగున్రి అయ్యగారూ. నేను మాత్రం నడుస్త. ఎనుక కూసున్నా పాట వినపడ్తది” అన్నాడు బాపు.

సాయంత్రం జంగయ్య ఇంటికి పోయాను. “నీకు యాదికున్నదే నిజం తాతా. నేనే అబద్ధమాడిన” అన్నాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. మూడోసారి కూడా చెప్పించుకున్నాడు. మొదటిసారే వినబడిందని నాకు తెలుసు.

ఏప్రిల్ 6, సోమవారం

బడికి సెలవు పెట్టాను. రేపు సేటు చేతికి ఇవ్వబోయే ఉత్తరం ఇక్కడ నకలు రాసుకుంటున్నాను. ఈసారి దీనికీ దానికీ ఒక్క అక్షరం తేడా ఉండకూడదు.

బొడ్రాయి పండుగ కమిటీ పెద్ద పరమేశ్వర్ గారికి, కమిటీ సభ్యులందరికీ, స్వామిదాసు కూతురు కృపాజ్యోతి నమస్కరించి రాసేది.

ఫిబ్రవరి 22న నేను ఇచ్చిన పటం తప్పు. మా అవ్వ సారమ్మ చెప్పిన చోట్లు పదమూడు. వాగు దాటిన తర్వాత మా బొందలగడ్డ ఏడోది. అది తెలిసే వదిలేశాను. చర్చిలో మా బాపుకు మాట వస్తుందని భయపడ్డాను. తప్పు నాది. మా తాత నడిచిన దారిది కాదు, జంగయ్య తాత జ్ఞాపకానిది కాదు, మీది కాదు. రాళ్ళవానకు కూడా ఎవరినైనా అనవలసి వస్తే నన్నే అనండి.

నలభై ఒక్క ఏళ్ళ కింద ఊరి పెద్దలు ఆ చోట పొడి జొన్నలకు ఒప్పుకున్నారు. ఈ నెల 17 శుక్రవారం అమావాస్య. ఆ పొద్దున పొలి దారి మళ్ళీ ఒకసారి నడిచి, ఏడో రాయి దాని చోట పెట్టాలని వేడుకుంటున్నాను. ఆ చోట గింజలు మా బాపు చేతులతో చల్లుతాడు. దారి జంగయ్య తాత చూపిస్తాడు, నేను వెనక నడుస్తాను. పంచాయతీ గోడ మీది పటం తీసేసి, దీనితో జతచేసి ఇచ్చిన కొత్తది పెట్టండి. అది ఊరి బొందలగడ్డ అని అందరూ సంతకాలు చేసిన కాగితం 20వ తేదీ లోపల ఆఫీసుకు చేరాలి. లేకపోతే అక్కడ ఉన్న ఎనభై ఆరు మంది మట్టిలో కలిసిపోయిన గుర్తు కూడా ఉండదు. మీరు ఆ రోజు నా రాతను నమ్మారు. ఇది కూడా నా రాతే. ఇంకొకసారి నమ్మమని అడుగుతున్నాను.

కింద మా బాపు సంతకం ఉంది. ఆయనకు రాయడం వచ్చిన మాట అదొక్కటే.

అవునన్నా కాదన్నా, ఏప్రిల్ 12 ఆదివారం సాయంత్రం లోపల మాకు జవాబు చెప్పగలరు.